అంబాసిడర్ వాల్వ్ స్ప్రింగుల విషయమై మామయ్య గారికి

బర్మింగ్‌హామ్ నుంచి

పూజ్యులైన మామయ్య గారికి నమస్కారాలు.

మేమంతా ఇక్కడ క్షేమం. కంటోన్మెంటు షెడ్డులో తాతగారి అంబాసిడర్‌కు వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు కొత్తది వేశారని, నిమిషానికి 5,000 చుట్లు దాటగానే ఇంజను తడబడుతోందని, అందుకు దొరికినవాటిలో అన్నిటికన్నా గట్టి, వాల్వులను మూసే స్ప్రింగులు పంపమని మీరు రాసిన ఉత్తరం అందింది. ముందుగా నిప్పురవ్వను నడిపే డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు ఎగరడం లేదని చూడండి. అప్పుడూ తడబాటు ఇలాగే ఉంటుంది. అది కాకపోతే తప్పు వాల్వులదే, కాని గట్టి స్ప్రింగు దానికి మొదటి మందు కాదని నా గట్టి నమ్మకం.

వేగం పెరిగినప్పుడు వాల్వు, క్యామ్ మీద ఆనే టాపెట్, దాని కదలికను పైకి అందించే పుష్ రాడ్, స్ప్రింగును వాల్వుకు పట్టి ఉంచే రిటైనరు కలిసి క్యామ్ వాలును అంటిపెట్టుకోలేక ఎగిరిపోతాయి. వాటిని అదిమి ఉంచడానికి కావలసిన బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 5,000 నుంచి 6,000కు వెళితే 44 శాతం ఎక్కువ బలం కావాలి. ఆ భారమంతా స్ప్రింగు మీదే వేస్తే అది క్యామ్ ముక్కునూ టాపెట్ ముఖాన్నీ అరగదీస్తుంది, ఆ రజను నూనెతో బేరింగుల దాకా చేరుతుంది. అందుకే బరువు తగ్గించడమే మేలు. ఒకే కొలత గల రిటైనరు ఉక్కుదానికన్నా టైటానియంది 40 శాతం తేలిక. అల్యూమినియంది ఇంకా తేలికే అయినా, అనంతగిరి ఘాటు ఎక్కే బండికి, అలసి పగిలే ఆ లోహాన్ని నేను వేయనివ్వను. టైటానియం కూడా స్ప్రింగు కింద అరుగుతుంది, అప్పుడప్పుడు విప్పి చూడాలి. రిటైనరును వాల్వు కాడకు బిగించే కాటర్ల కోణం రిటైనరు కోణంతో సరిపోవడం తప్పనిసరి; 7 డిగ్రీలవీ 10 డిగ్రీలవీ కలపకూడదు.

ఇక స్ప్రింగు. మూసినప్పుడు 30 కిలోలు నొక్కుతూ, మిల్లీమీటరుకు 5 కిలోల చొప్పున గట్టిపడే స్ప్రింగు, వాల్వు 9 మిల్లీమీటర్లు తెరిచేసరికి 75 కిలోలు నొక్కుతుంది. ఆ స్థితిలో చుట్లు ఒకదానికొకటి తగలకుండా మొత్తం మీద 1.5 మిల్లీమీటర్లైనా ఖాళీ మిగలాలి; రిటైనరు అడుగుకూ, వాల్వు కాడ జారే గొట్టమైన వాల్వ్ గైడు పైభాగానికీ మధ్య కూడా అంతే ఉండాలి. జంట స్ప్రింగులైతే లోపలిదీ బయటదీ ఎదురెదురు దిశల్లో చుట్టినవి కావాలి, లేకుంటే చుట్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి.

మరొక మనవి. ఈ 1,489 సీసీ ఇంజనుకు మెయిన్ బేరింగులు మూడే, స్ట్రోకు, అంటే పిస్టన్ ఒకవైపు కదిలే దూరం, 88.9 మిల్లీమీటర్లు. 6,000 వద్ద పిస్టన్ సగటు వేగం సెకనుకు దాదాపు 18 మీటర్లవుతుంది. స్ప్రింగులు తట్టుకున్నా క్రాంకు తట్టుకోవాలి కదా. 5,500 దగ్గర ఆగమని వేడుకుంటున్నాను.

ఎనిమిది వాల్వులకూ స్ప్రింగు కూర్చున్న ఎత్తు, వాల్వు వద్ద లిఫ్టు (అది తెరుచుకునే దూరం), రిటైనరుకూ గైడుకూ మధ్య ఖాళీ వెర్నియర్‌తో కొలిచి రాయండి. అవి అందిన తరువాతే కొంటాను, సిరిమానోత్సవానికి వచ్చేటప్పుడు నేనే తెస్తాను. అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పగలరు.

మీ మేనల్లుడు