విప్పే ముందు ఒక్క అక్షరం చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

నల్లకుంటలో 22 ఏళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. పోయిన శ్రావణంలో ఒక పుస్తకాన్ని నా చేతులారా పోగొట్టాను. ఇంకెవరికీ అలా జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది ఒక రిటైర్డ్ మాస్టారి ఆత్మకథ. 12 అధ్యాయాలకు 12 ఫోల్డర్లు, ఒక్కో దాంట్లో 'ప్రూఫు 1', 'ప్రూఫు 2' అని రెండేసి ఫైళ్లు. పాత కంప్యూటర్‌లో జాగా చాలక అన్నిటినీ సెవెన్‌జిప్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రాంతో ఒకే మూట కట్టి, విడి ఫైళ్లు తీసేశాను. మళ్లీ విప్పేటప్పుడు నల్ల స్క్రీన్ మీద '7జెడ్ ఎక్స్' అనే కమాండ్ కొట్టాల్సిన చోట '7జెడ్ ఇ' కొట్టాను. ఎక్స్ కొడితే ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఇ కొడితే ఫోల్డర్లు వదిలేసి ఫైళ్లన్నీ ఒకే చోట కుమ్మరిస్తుంది. పేర్లు ఒకటే కాబట్టి, పాతదాని మీద కొత్తది రాయమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. ఎదురుగా ఇంకో కస్టమర్ తొందరపెడుతున్నారు. ఆ టెన్షన్‌లో 'ఏ' నొక్కేశాను, అంటే అన్నిటికీ సరే అని. వెంటనే జాగా కోసం మూట కూడా తీసేశాను. రాత్రి చూసుకుంటే 24 ఫైళ్లలో మిగిలినవి 2.

మాస్టారి దగ్గర ప్రూఫు కాగితాలు ఉండబట్టి 9 రోజుల్లో మళ్లీ టైప్ చేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. రోజూ సాయంత్రం వచ్చి, పక్కన కూర్చుని చదివి వినిపించారు.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. రష్యాకు చెందిన ఇగోర్ పావ్‌లోవ్ 1999లో తెచ్చిన ఈ ప్రోగ్రాంకు పైసా కట్టక్కర్లేదు. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పీ7జిప్-ఫుల్' అని ఒక్క లైను కొడితే దిగిపోతుంది. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అటాచ్‌మెంట్‌గా పోదు కదా, మూట కట్టేటప్పుడు '-వి20ఎం' చేరిస్తే 20 ఎంబీ ముక్కలు చేసి ఇస్తుంది. ఫొటోలు మాత్రం పెద్దగా తగ్గవు, ఫొటోలు మామూలుగా ఉండే జేపెగ్ ఫైలు ముందే కుదించి ఉంటుంది.

నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి తెలుగు మీడియంలో చదివింది. అమీర్‌పేటలో మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేసింది కానీ ఇది ఎవరూ చెప్పలేదట. నల్ల స్క్రీన్ మీద ఇంగ్లీషు ప్రశ్న రాగానే చేతులు ఆగిపోతాయి. అందుకే మానిటర్ పైన గోడకు తెలుగులో కాగితం అంటించాను: కట్టడానికి ఏ, లోపల ఏముందో చూడటానికి ఎల్, మూట బాగుందో లేదో చూడటానికి టి, విప్పడానికి ఎక్స్. టి కొట్టాక 'ఎవ్రీథింగ్ ఈజ్ ఓకే' అని వచ్చేదాకా అసలు ఫైళ్లు తీసేయకూడదని ఎర్ర సిరాతో రాశాను. ఇప్పుడు ఆ అమ్మాయి నన్ను అడక్కుండానే చేసుకుంటోంది.

కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్లు మొదటి వారంలోనే ఇలాంటి కాగితం ఒకటి పిల్లల చేతిలో పెట్టాలి. మీ పత్రికలోనూ అర కాలమ్ కేటాయించండి. నా గోడ మీది కాగితం ఫొటో ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. షాపుకొచ్చి అడిగినవాళ్లకు ఉచితంగా జిరాక్స్ తీసి ఇస్తాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
నల్లకుంట, హైదరాబాద్