ట్రయాంగిల్ ఎప్పుడూ మొన పైకే ఎందుకుండాలె?

ఎడిటర్ గారికి నమస్తే,

మీ పేపర్ల ఆదివారం పిల్లల పేజీ వస్తది కదా, దాంట్ల షేపులకు రంగులేయమని బొమ్మలిస్తరు, మా చిన్నోడు యూకేజీ, ఆ పేజీ చేతికొచ్చేదాక ఊకోడు. దాని గురించే రాస్తున్న. మీ ఒక్కరిదే అని కాదు, బళ్ళె ఇచ్చే వర్క్‌షీట్లు, గోడకు తగిలించే చార్టులు అన్నీ గట్లనే ఉన్నయి. ట్రయాంగిల్ అంటే మొన పైకి, అడుగు కిందికి, మూడు దిక్కులా సమానం, రంగు గూడ ఎప్పుడూ ఎర్రదే. స్క్వేర్ అయితే నీలం. పిల్లగాడు ఆ బొమ్మను ఫొటో లెక్క గుర్తుపెట్టుకుంటుండు గని మూలలెన్ని, అంచులెన్ని అని చూస్తనే లేడు.

నేను మహబూబ్‌నగర్‌ల ఇంట్లనే బ్లౌజులు, లంగాలు కుడుత. మిషిన్ పక్కకు కత్తిరించిన ముక్కలు కుప్ప పడి ఉంటయి, వీడు బడినుంచి రాంగనే దాంట్ల కూసుంటడు. ఒకరోజు నాలుగు దిక్కులా సమానంగ ఉన్న లైనింగ్ ముక్క తీసి మూల పైకొచ్చేటట్టు పట్టుకొని "అమ్మా, ఇది డైమండ్" అన్నడు. నేను దాన్ని కొద్దిగ తిప్పి పెట్టిన. "అరె, ఇప్పుడు స్క్వేర్ అయింది!" అన్నడు. ముక్క అదే, నేను కత్తెర గూడ ముట్టలే. సంక్రాంతికి ఎగరేసే పతంగి కాయితాన్ని గూడ తిప్పి చూపిచ్చిన, అప్పుడొచ్చింది వాడికి డౌట్.

మా ఆడబిడ్డ కొడుకు డీఎడ్ చదివిండు, ఆయన్ని అడిగితే ఇది మావోనికొక్కనికే కాదు అత్తమ్మా, ఈ వయసు పిల్లలందరూ గంతేనన్నడు. హాలెండ్‌ల వాన్ హీలె అని మొగుడూ పెండ్లాం ఇద్దరూ లెక్కల టీచర్లేనట, పిల్లలు ముందు షేపును మొత్తంగ చూసి గుర్తుపడ్తరు, మూలలు అంచులు లెక్కపెట్టుడు తర్వాతి మెట్టు అని 1957లనే రాసిన్రంట. మరి ఒక్క తీరు బొమ్మనే మళ్ళ మళ్ళ చూపిస్తే పిల్లగాడు ఆ మొదటి మెట్టు మీదికెల్లి ఎప్పుడు లేస్తడు చెప్పుండ్రి.

గద్వాల చీరకు కుంభం అంచు, అంటే గుడి గోపురాల లెక్క నేసిన మొనల వరుస, మీరు చూసే ఉంటరు, సన్నగ పొడుగ్గ మొన తేలి ఉంటయి అవి. అట్లాంటి చీరె ఒకటి ఫాల్ కుట్టనీకి వస్తే వాడికి చూపిచ్చిన, ట్రయాంగిల్ కాదంటడు, "ఇది బాగ సన్నగుంది" అని. సరే వేలుపెట్టి మూలలు లెక్కపెట్టు అన్న. మూడు. మళ్ళ లెక్కపెట్టిండు. అప్పుడు ఒప్పుకున్నడు గని మొఖం మాత్రం ఒప్పుకోలే. లంగా ముక్క పరిచిన, పైన సన్నం, కింద వెడల్పు, దూరంకెల్లి చూస్తే అదీ ట్రయాంగిలే అనిపిస్తది. దానికి మూలలు నాలుగున్నయని వాడే చెప్పిండు, నేను చెప్పలే. ఇగ నేను బట్ట మీద గీతలు గీసుకునే టైలర్ సుద్దముక్క సంగతికొస్తే, కొత్తగ ఉన్నప్పుడు మూడు మూలలు ఉంటయి, గీసీ గీసీ మొనలరిగి గుండ్రమయితది, ఇప్పుడిది ట్రయాంగిలా కాదా అని వాడు అడిగితే నా దగ్గర జవాబు తయారుగ లేకుండె, ఇద్దరం కూసొని సగం ట్రయాంగిల్, సగం సర్కిల్ అని తేల్చుకున్నం. లెక్కల సార్లు నవ్వితే నవ్వనీ.

పేరు చెప్పించుడు కంటె పక్కపక్కన పెట్టి పోల్చుడు మంచిదని నాకనిపిస్తది. పది రూపాయల బిళ్ళ, ఇరవై రూపాయల బిళ్ళ ఒక్క చేతిల పెట్టుండ్రి. పదిది గుండ్రంగ ఉంటది, ఇరవైదానికి 12 మూలలుంటయి, కండ్లు మూసుకొని వేలుతోని తిప్పినా తెలుస్తది. గాజుకు, బొత్తాముకు తేడా ఏందని అడిగితే మావోడు "గాజుల చెయ్యి పడ్తది" అన్నడు, అంతకంటె మంచి జవాబు ఏ గైడ్‌ల ఉంటది? అగ్గిపెట్టె, దారం రీలు, గోలీ పట్టి కొద్దిగ వాలుగ పెట్టిన పీట మీద వదిలిపెడితే అగ్గిపెట్టె దొర్లదు, గోలీ ఎట్లబడితే అట్ల ఉరుకుతది, రీలు మాత్రం పడుకోబెడితేనే దొర్లుతది, నిలబెడితే దొర్లదు. జర్మనీల 1837ల చిన్నపిల్లల బడి పెట్టిన ఫ్రోబెల్ సారు గూడ పిల్లల చేతికి కట్టె బంతి, స్తంభం అసొంటి ముక్క, డబ్బా అసొంటి ముక్క ఇచ్చేటోడట. మనింట్ల అవి కొనకుండనే ఉన్నయి. ఇంకోటి, అగ్గిపెట్టెను చూపిచ్చి రెక్టాంగిల్ అని చెప్పేటోళ్ళు చానమంది ఉన్నరు. డబ్బా వేరు, దాని మీది మొఖం వేరు. కాయితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తోని గీసి ఎత్తితే కింద మిగిలేది రెక్టాంగిల్, గది పిల్లలకు తొందరగనే ఎక్కుతది.

2020ల వచ్చిన కొత్త విద్యా విధానం మూడేండ్లకెల్లి ఎనిమిదేండ్ల దాక పునాది అంటుంది, మన దగ్గర సర్కారు బళ్ళల్ల 2022కెల్లి చిన్న క్లాసుల పిల్లలకు చదువుడు, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం నడిచింది, ఇవన్నీ మంచిదే. కని ఆ మూడేండ్ల పోరలు చానమంది అంగన్‌వాడీల ఉంటరు, టీచరమ్మ వంట చూసుకోవాలె, బరువులు తూచాలె, రిజిస్టర్లు రాయాలె, ఆమెకు రంగుల చార్టు కంటె చేతికిచ్చే సామాన్ల సంచి పనికొస్తది.

మీకు నా మనవి ఒకటే. వచ్చే పిల్లల పేజీల ట్రయాంగిల్స్ వేసేటప్పుడు ఒకటి బోర్లేసి, ఒకటి పక్కకు ఒరగేసి, ఒకటి సన్నగ సాగదీసి వేయుండ్రి, రంగులు గూడ మార్చుండ్రి. నాలుగు మూలలది ఒకటి దొంగతనంగ నడిమిట్ల కలుపుండ్రి, అది ఎవరు పట్టుకుంటరో చూద్దాం. మా గల్లీ అంగన్‌వాడీకి ముక్కలు నేనే ఇస్తున్న, గుండ్రంగ, మూలలుగ కత్తిరించి. ఏ ఊర్ల టైలర్‌ని అడిగినా సంచి నిండ ఇస్తరు, మేము పారేసేటియే కదా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మహబూబ్‌నగర్