నిమాలింగ్ నుంచి దించిన పెద్దాయనకు కృతజ్ఞతలు

లద్దాఖ్‌లోని మర్ఖా లోయ నడకలో, సుమారు 4,800 మీటర్ల ఎత్తున ఉన్న నిమాలింగ్ పచ్చిక మైదానంలో, అర్ధరాత్రి తల పగిలిపోయే నొప్పితో, వాంతులతో నేను లేవలేని స్థితికి వచ్చినప్పుడు, పక్క గుడారంలోని గుర్రాలాయన ఒకరు నన్ను హంకర్ గ్రామం దాకా చేయి పట్టి దించారు. ఆయన పేరు అడగాలన్న స్పృహ కూడా నాకు అప్పుడు లేదు.

ఆయన మా బృందానికి చెందినవారు కారు. తెల్లవారితే వేరే యాత్రికుల సామానుతో కొంగ్‌మారు కనుమ దాటవలసినవారు. అయినా, ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకు కిందికి దిగడమే అసలు మందని మా గైడుకు గట్టిగా చెప్పి, గుర్రాలను తోటివారికి అప్పగించి, తన ఉన్ని కోటు నాకు తొడిగి, టార్చి పట్టుకుని ముందు నడిచారు. దారిలో మణి గోడ, అంటే బౌద్ధ మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన గోడ, ఎదురైతే, అంత తొందరలోనూ ఆచారం ప్రకారం దాన్ని కుడిచేతి వైపు ఉంచుకునే నడిపించారు. రాళ్లపై చెక్కిన మంత్రాక్షరాలను తాకుతూ సాగిన, పగుళ్లుబారిన ఆయన వేళ్లు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లున్నాయి.

హంకర్‌లో ఒక ఇంటి వంటగదిలో పొయ్యి పక్కన నన్ను కూర్చోబెట్టి, వెన్న వేసిన ఉప్పు టీ ఇప్పించి, డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డుపెట్టి, "జూలే" అని వెలుగు రాగానే తిరిగి కొండెక్కారు. ఆ మాటకు నమస్కారమనీ, కృతజ్ఞతలనీ రెండర్థాలున్నాయని తరువాత తెలిసింది.

పెద్దాయనా, ఆ వేళ నోట మాట రాక చెప్పలేకపోయాను. మీకు జూలే.