జులై 15 ఆఫర్, దానికంటే ముందు ఒక క్షమాపణ

కస్టమర్లందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక డిగ్రీ కుర్రాడికి మన షాపు నుంచి పంపిన స్పైక్స్ (అడుగున పిన్నులుండే పరుగు షూ) జతలో ఎడమది ఎనిమిదో సైజు, కుడిది తొమ్మిదో సైజు. తెల్లారితే 400 మీటర్ల హీట్స్, అంటే తొలి రౌండ్ పరుగులు. రాత్రి డబ్బా విప్పి చూసి, "అన్నా, ఒకటి ఎనిమిది, ఇంకోటి తొమ్మిది ఉందే" అని ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, టెన్షనే ఉంది. నేను బండి మీద సరైన జత తీసుకెళ్లేసరికి పదకొండు దాటింది. సాయంత్రమే వేసుకుని నాలుగడుగులు పరుగెత్తి చూసుకునే వీలు మా వల్ల పోయింది. ట్రయల్‌కి తీసిన రెండు జతల్ని తిరిగి సర్దేటప్పుడు కలిపేశాం, ప్యాకింగప్పుడు చూడలేదు. తప్పు మాదే.

మా కౌంటర్ వెనక ఉన్న అమెరికన్ అథ్లెట్ జిమ్ థోర్ప్ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ నాటిది. దగ్గరికెళ్లి చూడండి, రెండు కాళ్లకీ రెండు రకాల షూ, మేజోళ్లు కూడా వేరువేరు. తన షూ ఎవరో ఎత్తుకుపోతే దొరికినవే తొడుక్కున్నాడని చెబుతారు. అక్కడ పెంటాథ్లాన్ (ఐదు అంశాల పోటీ), డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) రెండింట్లోనూ స్వర్ణం గెలిచాడు. ఆయన గెలిచాడు కదా అని మనం జతకాని షూ పంపితే ఎలా? ఆ ఫొటో కిందే కూర్చుని ఈ తప్పు చేసినందుకు నాకు చాలా బాధగా ఉంది.

థోర్ప్ సాక్ అండ్ ఫాక్స్ అనే అమెరికన్ ఆదివాసీ తెగవాడు. పెన్సిల్వేనియాలోని కార్లైల్ స్కూల్ తరఫున పరుగులు, దూకుళ్లతో పాటు అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఆడాడు. 1911లో ఆ చిన్న స్కూలు హార్వర్డ్‌ని 18-15తో ఓడించినప్పుడు నాలుగు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్యలోంచి తన్ని సాధించే పాయింట్లు) ఈయనవే. అప్పట్లో డబ్బుకి ఆడేవాళ్లకి ఒలింపిక్స్‌లో చోటు లేదు; అంతకుముందు కొద్దిపాటి డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని 1913లో పతకాలు లాగేసుకున్నారు. ఆయన 1953లో పోయారు. 1983లో ఆయన పిల్లల చేతికి పతకాలు ఇచ్చారు గానీ, రికార్డుల్లో మాత్రం ఇంకొకరితో కలిపి విజేత అనే రాశారు. డెకాథ్లాన్‌లో రెండో స్థానంలో వచ్చిన స్వీడన్ ఆటగాడు వీస్లాండర్ ఆ స్వర్ణం తనదని ఏనాడూ ఒప్పుకోలేదట. నాకు ఆయనంటే కూడా గౌరవమే. చివరికి 2022 జులై 15న, గెలిచిన 110 ఏళ్లకి, థోర్ప్ ఒక్కడే విజేత అని ప్రకటించారు.

అందుకే ఏటా జులై 15న మన షాపులో ఆఫర్ పెడుతున్నాం. ఈసారి డిస్కౌంట్ ఇవ్వలేను, డబ్బంతా స్టాకులో ఇరుక్కుపోయింది. బదులుగా ట్రాక్, ఫుట్‌బాల్ రెండూ ఆడే కాలేజీ పిల్లలెవరైనా రండి. షూ ఎక్కడ కొన్నా సరే, పిన్నులు, స్టడ్స్ (ఫుట్‌బాల్ షూ అడుగున ఉండే బొడిపెలు) మార్చి, ఊడిన సోల్ అతికించి ఇస్తాం. డబ్బు తీసుకోం. ఆ కుర్రాడు వాళ్ల కాలేజీ ఫుట్‌బాల్ టీములో కూడా ఉన్నాడు, అతని స్టడ్స్‌తోనే మొదలుపెడతాం.

ఇకపై ప్రతి జతా మీకు పంపే ముందు రెండు షూల నాలుకల మీద ఉన్న సైజూ పైకి చదివి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాం. సింథటిక్ ట్రాక్‌కి వాడే ఆరు మిల్లీమీటర్ల పిన్నులు సరిపడా ఉన్నాయి. గడ్డి మీద పరుగెత్తేవాళ్లకి తొమ్మిదివి వచ్చే వారం వస్తాయి.