మూత్రాశయం తీసేశామని రాశారు, మూత్రం దారి ఎటు మళ్లించారో రాయలేదు: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి రెండూ రిజిస్టర్ పోస్టులో పంపాను, అందినట్టు రసీదులు నా దగ్గరున్నాయి. మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో నా చేతుల మీదుగా ఇచ్చాను. ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అంతే, ఆ తర్వాత ఏమీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ప్రభుత్వ ఉచిత వైద్య పథకం గురించి మీకు చెప్పనక్కర్లేదు. నాన్నకు మూత్రాశయ క్యాన్సర్ ఆపరేషన్ ఆ పథకం కార్డు మీదే జరిగింది. అంత పెద్ద ఆపరేషన్‌కి మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ మాట ఎవరడిగినా చెబుతాను. డాక్టర్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా ఆ ఆపరేషన్‌ని కాగితం మీద రాసిన తీరు గురించే.

నేను మెడికల్ కోడర్‌ని. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల యూరాలజీ (మూత్ర వ్యవస్థ) చార్టులు చదివి, రోగికి ఏ చికిత్స చేశారో చెప్పే బిల్లింగ్ కోడ్‌లు వేస్తాను. కాబట్టి ఈ విషయం నాకు కొంచెం ఎక్కువే తెలుసు, తెలియడం వల్ల బాధ కూడా ఎక్కువే.

మూత్రాశయం తీసేసినంత మాత్రాన మూత్రం ఆగదు కదండీ. కిడ్నీలు పని చేస్తూనే ఉంటాయి. దానికి ఎటో ఒక దారి చూపాలి. నాన్నకు చిన్నపేగులో జానెడు ముక్క వేరు చేసి, రెండు మూత్రనాళాలను దానికి కలిపి, దాని రెండో కొసను పొట్ట మీదికి తెచ్చారు. దాన్నే ఇలియల్ కాండ్యూట్ అంటారు. అక్కడ పగలూ రాత్రీ ఒక బ్యాగు అంటించి ఉండాలి. జీవితాంతం.

నేను రోజూ వేసే కోడ్‌లలో ఈ తేడాలన్నీ ఉంటాయి. మూత్రాశయం తీసి పేగుతో పొట్ట మీదికి దారి పెడితే 51590. లింఫు గ్రంథులు కూడా తీస్తే 51595. పేగుతో లోపలే కొత్త మూత్రాశయం కడితే 51596. మూత్రాశయాన్ని తీయకుండా పేగుతో దారి మాత్రమే మళ్లిస్తే 50820. ఇవి డాక్టర్ తరఫున వేసేవి. ఆసుపత్రి తరఫున వేసే కోడ్‌లో ఏడు స్థానాలుంటాయి. నాలుగోది ఏ మూత్రనాళమో చెబుతుంది: కుడిది 6, ఎడమది 7, రెండూ అయితే 8. ఏడోది మూత్రం ఎక్కడికి పోతోందో చెబుతుంది: చిన్నపేగు ముక్క ద్వారా చర్మం మీదికైతే సి, నేరుగా చర్మం మీదికైతే డి. మూత్రాశయం తీయడానికి వేరే కోడ్. ఒకటి వేసి రెండోది మరిచిపోతే ఆడిటర్ చార్టు వెనక్కి పంపుతారు. ఆ తర్వాత ఆ రోగి వేరే జబ్బుతో చేరినా, పొట్ట మీద మూత్ర మార్గం ఉందని చెప్పడానికి జెడ్ 93.6 అని ఇంకో కోడ్ ఉంది.

ముఖం కూడా చూడని మనిషి చార్టులో ఒక్క అక్షరం తప్పు పోకుండా నేను రాత్రి షిఫ్టుల్లో కాపలా కాస్తాను. మా నాన్న డిశ్చార్జి కాగితంలో మాత్రం ఒక్క ముక్క ఉంది: ‘రాడికల్ సిస్టెక్టమీ చేయడమైనది’. అంటే మూత్రాశయం తీసేశారు. మరి మూత్రం ఎటు పోతోంది? డబ్బు కోసం ఆసుపత్రి పథకానికి పంపిన క్లెయిమ్‌లోనూ అదే ఒక్క ముక్క. ఆ రోజు నేను చూసి కూడా అడగలేదు. నాన్న ఇంటికొస్తున్నారన్న సంతోషంలో ఉన్నాను.

ఎనిమిది నెలలకు నాన్నకు ఎడమ వైపు నొప్పి మొదలైంది. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బింది. పేగుతో కలిపిన చోట ఎడమ మూత్రనాళం ఇరుకైంది. ఈ ఆపరేషన్ తర్వాత ఇలా జరగడం డాక్టర్లకు కొత్త కాదు, అందులోనూ ఎడమ వైపే ఎక్కువ. దగ్గర్లో పథకం కింద ఉన్న ఇంకో నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేర్చాం. చికిత్సకు ముందస్తు అనుమతి అడిగే ప్రీ ఆథ్ పంపితే వెనక్కి వచ్చింది. మూత్రాశయం తీసేసినట్టు రికార్డులో ఉంది, మూత్ర మార్గం మళ్లించినట్టు ఎక్కడా లేదు, అడిగిన చికిత్స ప్యాకేజీ రికార్డుతో సరిపోలడం లేదు. ఇదీ కారణం.

ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర అమ్మాయి తప్పేమీ లేదు. నాన్న పొట్ట మీది బ్యాగు ఫొటో తీసి కూడా అప్‌లోడ్ చేసింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఆపరేషన్ నోట్స్ తెమ్మన్నారు. వాటి కోసం మొదటి ఆసుపత్రి రికార్డు రూమ్ చుట్టూ అమ్మ 19 రోజులు తిరిగింది. సంతకం పెట్టాల్సిన వాళ్లు సెలవు అన్నారు, ఫైలు స్కానింగ్‌కి వెళ్లింది అన్నారు, కార్డు జిరాక్సు మసకగా ఉంది అన్నారు. ఈలోపు నాన్నకు చలిజ్వరం పట్టుకుంది. వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం వేయక తప్పలేదు. అది మా డబ్బుతోనే వేయించాం. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చామో ఇక్కడ రాయలేను.

మంత్రి గారూ, 19 రోజులు. ఒక కిడ్నీ పాడవడానికి అన్ని రోజులు కావాలా? క్లెయిమ్‌లో ఒక్క గడి ఉంటే ఇదంతా ఉండేది కాదు. మూత్రం దారి ఎటు మళ్లించారు? పొట్ట మీదికా, కొత్త మూత్రాశయంలోకా, పెద్దపేగులోకా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు నింపనిదే డిశ్చార్జి కాగితం బయటికి రాకూడదు. ఇంతే అడుగుతున్నాను.

ఇక బ్యాగుల సంగతి. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు ప్యాకేజీలోనే ఉంటుంది. కానీ నాన్న బ్యాగు 16వ రోజున ఊడిపోదు. చర్మం బాగుంటే ఒకటి మూడు నాలుగు రోజులు వస్తుంది. చర్మం ఒరుసుకుపోతే అంటుకోదు, రోజుకు రెండు కూడా చాలవు. ఊడుతుందేమోనని నాన్న రాత్రి పక్కకు తిరిగి పడుకోరు. బ్యాగు త్వరగా నిండకూడదని నీళ్లు తాగడం తగ్గించేశారు. నేను కోప్పడితే ‘ఒక బ్యాగు మిగిలినా మిగిలినట్టే కదమ్మా’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీళ్లు తగ్గితే కిడ్నీకి ఏమవుతుందో చార్టుల్లో రోజూ చదివేదాన్ని కదా.

మన ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ అయినవాళ్లలో ఎంతమంది పొట్ట మీద బ్యాగుతో ఇంటికి వెళ్లారో మీ శాఖలో ఎవరినైనా అడగండి. కాగితం మీద వాళ్ల జాడ లేకపోతే ఎవరికి ఎన్ని బ్యాగులు కావాలో, ఎవరికి ఆరు నెలలకోసారి కిడ్నీ స్కానింగ్ గుర్తు చేయాలో మీకెలా తెలుస్తుంది? నాన్న ఒక్కరి కోసం రాయడం లేదు. రికార్డు రూమ్ ముందు బల్ల మీద అమ్మ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన లుంగీ కింద దాచుకున్న సంచి కూడా ఇదే బ్యాగు.

దయచేసి ఆ గడి పెట్టించండి. పాత రోగుల కాగితాలు సరిచేయించుకునే దారి చూపండి. బ్యాగులు ఇప్పించండి. నా మూడో ఉత్తరం ఏ విభాగానికి వెళ్లిందో, అది ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉందో అదైనా చెప్పండి. ఆపరేషన్ నోట్స్, రెండుసార్లు తిప్పి పంపిన ప్రీ ఆథ్, గొట్టం వేయించిన బిల్లు అన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నాను. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తీసుకొస్తాను. నాన్న వీపుకి ఇంకా ఆ గొట్టం ఉంది, వచ్చే నెల మార్చాలన్నారు.

ఇట్లు,
మీ పథకం కార్డు ఉన్న ఒక రోగి కూతురు