గృహప్రవేశం భోజనాల బిల్లు గురించి

క్యాటరింగ్ మేనేజర్ గారికి,

నమస్కారమండి. మొన్న రాజమండ్రిలో మా గృహప్రవేశానికి మీరే వండి పెట్టారు, నిన్న మీ కుర్రాడొచ్చి బిల్లు ఇచ్చి వెళ్ళాడు, 1,78,652 రూపాయలంట. మా ఆవిడైతే ఇది వేరే వాళ్ళ పెళ్ళి బిల్లేమో ఒకసారి పేరు చూడండి అంది.

ఆర్డర్ ఇచ్చిన రోజు ప్లేటు ఎంత పడుతుందండీ అని నేను అడిగాను, మా బావగారు కూడా అడిగారు, మీరు "మనలో మనకి రేట్లేంటండి, ముందు కార్యక్రమం కానివ్వండి" అన్నారు. 20,000 అడ్వాన్స్ ఫోన్‌పేలో తీసుకున్నారు గానీ కొటేషన్ పంపమంటే పంపలేదు, వాట్సాప్‌లో మెనూ ఒక్కటే పెట్టారు. ఇప్పుడేమో ప్లేటు 650 అంటున్నారు. పులిహోర, బూరెలు, గారెలు, ముద్దపప్పు, గుత్తివంకాయ, దప్పళం, పెరుగు, అంతేగా? మా వీధిలోనే ఈ నెలలో ఇంచుమించు ఇదే మెనూకి ప్లేటు 380 నుంచి 400 తీసుకున్నారు, కావాలంటే ఆ బిల్లులు చూపిస్తాను. వంట బాగుంది, ముఖ్యంగా దప్పళం, అందులో వంక పెట్టను.

ఇక లెక్క. 212 ప్లేట్లు అని రాశారు. మేం కూర్చోబెట్టి ఆకుల్లో వడ్డించాం, బంతికి 50 కుర్చీలు, మూడు బంతులు నిండాయి, నాలుగో బంతిలో 14 మంది, మొత్తం 164. మా బాబాయి అక్కడే నిలబడి లెక్క రాశారు. మీరు తిన్న ఆకులు లెక్కేశారా, తెచ్చిన ఆకులు లెక్కేశారా? మిగిలిన కట్ట మీ వాళ్ళు వ్యాన్‌లో వేసుకోవడం అందరూ చూశారు కదండీ.

వడ్డించే కుర్రాళ్ళకి 9,600, వ్యాన్‌కి 4,000 విడిగా వేశారు, ఆ మాటే ముందు రాలేదు, మా వీధిలో ఎవరికీ అలా విడిగా వెయ్యలేదు కూడా. పైగా 18 శాతం జీఎస్టీ అని 27,252, బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు! ఇంటికొచ్చి వండిపెట్టే ఇలాంటి క్యాటరింగ్‌కి 5 శాతమే అని మా ఆడిటర్ గారన్నారు.

రేటు మాట్లాడుకోలేదు కాబట్టి ఎంతేస్తే అంత ఇవ్వాలి అని మీ కుర్రాడు అన్నాడు. అలా ఉండదండి. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 ప్రకారం ఊరికే చెయ్యని పని చేయించుకుని లాభం పొందినవాడు డబ్బు ఇవ్వాల్సిందే, నేనూ ఎగ్గొడతానని అనట్లేదు, కాకపోతే అది ఆ పనికి న్యాయంగా పడే ధర, తర్వాత కూర్చుని వేసుకున్న ధర కాదు.

నా లెక్క ఇది. 164 ప్లేట్లు, 400 చొప్పున 65,600. జీఎస్టీ నంబరుతో సరైన బిల్లు ఇస్తే 5 శాతం 3,280 కలిపి 68,880, అడ్వాన్స్ పోగా 48,880. బిల్లు మార్చి పంపిన రోజే ట్రాన్స్‌ఫర్ చేస్తాను. లేదు 650కే వడ్డించాం అంటారా, ఏ సరుకు ఎంత పడిందో రాసి పంపండి, చూస్తాను. వారం లోపు ఏ జవాబూ రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను, 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు కూడా లేదు.

ఇంకోటి, మీ పెద్ద గుండిగ ఒకటి, రెండు గరిటెలు మా పెరట్లో ఉండిపోయాయి. వాటికీ బిల్లుకీ సంబంధం లేదు, ఎవర్నైనా పంపి తీసుకెళ్ళండి, సాయంత్రం ఆరు దాటాక ఇంట్లోనే ఉంటాం.