పైలట్ కోర్సులో చేరే ముందు

సంపాదకులకు నమస్కారం.

పైలట్ కోర్సుల ప్రకటనల్లో యూనిఫాం, మెరిసే విమానం కనిపిస్తాయి కానీ చేరాక రోజులెలా గడుస్తాయో ఉండదు.

ఫీజు కట్టకముందే క్లాస్ 1 మెడికల్ చేయించుకోవాలి. చూపు, వినికిడి, గుండె అన్నీ పరీక్షిస్తారు. అది పాసవకపోతే కమర్షియల్ లైసెన్స్, అంటే జీతానికి విమానం నడిపే అనుమతి, రాదు. కట్టిన డబ్బు రాబట్టుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా!

మొదట్లో వాతావరణం, నావిగేషన్, విమానయాన చట్టాలంటూ చదువే ఎక్కువ. తర్వాత ఫ్లయింగ్. తెల్లవారుజామునే లేచి, బ్రీఫింగ్ విని, ట్యాంకులోంచి కాస్త ఇంధనం చిన్న గొట్టంలోకి తీసి నీళ్లు కలిశాయేమో చూసుకుని, తీరా ఎక్కబోయే సమయానికి మబ్బు కమ్మితే ఆ రోజుకి అంతే. అందుకే చెప్పిన గడువుకే కోర్సు పూర్తవుతుందని నమ్ముకుని అప్పు చేయొద్దు.

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కమర్షియల్ లైసెన్స్‌కి కనీసం 200 గంటలు, ఆమోదం పొందిన కోర్సులో అయితే 150 గంటలు ఎగరాలి. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావాలంటే 1500 గంటలు. జెట్ నడపాలంటే టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి తీసుకునే ప్రత్యేక అర్హత, మళ్లీ వేరు, చాలాసార్లు ఆ ఖర్చూ అభ్యర్థిదే.

ఎగరగలిగే స్థితిలో విమానాలెన్ని, శిక్షకులెందరు, ఫీజులో కలవని ఖర్చులేవి అన్నది సంస్థలు ముందే రాతపూర్వకంగా ఇచ్చేలా నియంత్రణ అధికారులు నిబంధన పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు